రికార్డు ప్లేటుపై లలిత గీతం, వాద్యగోష్ఠి

పాట అనగానే మనకు మొదట జ్ఞాపకం వచ్చేది పల్లవి. తరువాత పాడిన కంఠం. ఆ పిమ్మట, ఓపిక ఉంటే, రచించిన కవి. పల్లవికి ముందు కొద్ది క్షణాలు మోగిన వయొలిన్లు ఎవరివి, చరణానికీ చరణానికీ నడుమ పలకరించి పోయిన వేణువు ఎవరిది అని అడిగేవారు అరుదు. ఆ వాద్యాలు పాటకు తొడిగిన నగలని మన భావన. నగ తీసివేసినా మనిషి మనిషే కదా అనుకుంటాము. ఈ భావన ఎంతవరకు నిజమో, సినిమాకు సంబంధించని మన తెలుగు గీతాలు గ్రామఫోను ప్లేటు మీదికి ఎక్కిన చరిత్రను ఆధారం చేసుకొని విచారించడమే ఈ ప్రసంగం ఉద్దేశం.

ముందుగా ఒక ఇంటి ముచ్చట చెప్పవలసి ఉన్నది. మాది మేడ్చల్. సికిందరాబాదు నుంచి నిజామాబాదు మీదుగా మన్మాడు వైపు సాగే రైలుమార్గం మా ఊరిని ఒరుసుకొని పోతుంది. మా తాతగారు హైదరాబాదు సుల్తాన్ బజారులో ఒకరు వాడిన గ్రామఫోను పెట్టెను కొని ఆ రైలులోనే ఇంటికి తెచ్చారట. అప్పటికి మా వీధికి కరెంటు రాలేదు. గ్రామఫోనుకు కరెంటుతో పని లేదు. పిడి పట్టుకొని కీ ఇస్తే లోపలి స్ప్రింగు బిగుసుకొని, ఒక పాట పూర్తి అయ్యేదాకా పళ్లెమును తిప్పుతుంది. చిన్న రేకు డబ్బీలో ఉక్కు సూదులు ఉండేవి. ఒక వైపు పాడించగానే పాత సూది తీసి పారవేసి, కొత్తది బిగించాలి. ఆ పని మా అమ్మది.

ఇంట్లో ఉన్న పది పన్నెండు ప్లేట్లలో అమ్మకు ప్రాణమైనది ఒకటి: సాలూరి రాజేశ్వరరావుగారు, రావు బాలసరస్వతీదేవిగారు కలిసి పాడిన యుగళగీతం. అది ఏ సినిమాలోనిదీ కాదు. గ్రామఫోను కోసమే కట్టిన పాట. అమ్మ దానిని వంటింట్లో పాడుకొనేది. అయితే మాటలు మాత్రమే పాడేది కాదు. పల్లవి ముగియగానే వయొలిన్లు తీసుకొనే వరుసను ‘తాన నాన’ అంటూ తానే పాడి, ఆ తరువాతనే చరణం ఎత్తుకొనేది. కొంతకాలానికి ఇంటికి రేడియో వచ్చింది. ఒకనాటి సాయంకాలం అదే పాటను మరొక గాయని తంబురా, తబలా మాత్రమే తోడుగా చక్కగా పాడినది. పాట అయిన తరువాత అమ్మ, “సగమే పాడిండ్రు కదరా” అన్నది. ఒక్క మాట తప్పలేదు, ఒక్క చరణం విడువలేదు. అయినా అమ్మ దృష్టిలో అది సగం పాట. ఆ మిగిలిన సగం ఎక్కడ ఉన్నదన్నదే మన ప్రశ్న.

మన దేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో మొదలైనది. ఆ సంవత్సరం ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే ఇంజినీరు కలకత్తాకు వచ్చి గౌహర్ జాన్ మొదలైన గాయనుల పాటలను రికార్డు చేశాడు. అప్పటి పద్ధతిలో మైక్రోఫోను లేదు. గోడకు బిగించిన పెద్ద బాకాలోకి గాయకుడు తల వంచి గొంతెత్తి పాడాలి. ఆ ధ్వని బలమే ఒక పొరను కదిలించి, ఆ పొర సూదిని కదిలించి, మైనం మీద గీత గీయాలి. ఈ పద్ధతిలో గొంతు బాగానే పడేది. వయొలిను వంటి మృదువైన వాద్యం పడేది కాదు. అందుకే పాశ్చాత్యులు స్ట్రో వయొలిను అనే బాకా అమర్చిన వయొలినును రికార్డింగు గదులలో వాడవలసి వచ్చింది. ఇరవై మంది వాద్యకారులను ఒక బాకా ముందు నిలబెట్టడం సాధ్యం కాదు; నిలబెట్టినా వెనుక వరుసవారి వాదన రికార్డుకు చేరదు.

1925లో విద్యుత్ పద్ధతి రికార్డింగు వచ్చింది. మైక్రోఫోను దూరంగా ఉన్న తీగె మీటును కూడా పట్టగలదు. గాయకుడు అరవనక్కరలేదు, చెవిలో చెప్పినట్టు పాడవచ్చు. వాద్యబృందం వెనుక నుంచి నెమ్మదిగా పలకవచ్చు. లలిత సంగీతమని మనం నేడు పిలిచే మృదుగానం ఇంతమందికి చేరడానికి ఈ యంత్రం మార్పు ఒక ముఖ్యకారణమని గుర్తించాలి. కవిత్వంలో భావకవిత్వం అప్పటికే వికసించి ఉన్నది. నండూరి వెంకట సుబ్బారావుగారి ‘ఎంకి పాటలు’ పుస్తకరూపంలో వెలువడినది కూడా ఆ 1925లోనే. ఒక వైపు మెత్తని మాటలు సిద్ధమైనవి, మరొక వైపు మెత్తని గొంతును పట్టగల యంత్రం సిద్ధమైనది. రెండింటినీ కలిపేవారు కావలసి వచ్చారు.

తెలుగులో తొలినాటి ప్లేట్లలో నాటక పద్యాలది పెద్ద పీట. హార్మోనియము తోడుగా రాగం తీసి పద్యం చదివే ఆ పద్ధతికి వాద్యగోష్ఠితో పని లేదు. ఆ వాతావరణంలో పెరిగినవారే రాజేశ్వరరావుగారు కూడా. 1922లో సాలూరు దగ్గరి శివరామపురంలో పుట్టిన ఆయన బాల్యంలోనే గ్రామఫోను కంపెనీలకు పాడారు. 1935లో వచ్చిన ‘శ్రీకృష్ణ లీలలు’ చిత్రంలో బాలకృష్ణుడై నటించారు. అటు తరువాత ఆయన కలకత్తా వెళ్లడం మన కథకు ముఖ్యమైన మలుపు.

ఆనాటి కలకత్తాలో న్యూ థియేటర్స్ సంస్థ ఉన్నది. రాయ్ చంద్ బొరాల్, పంకజ్ మల్లిక్, కుందన్ లాల్ సైగల్ మొదలైనవారు అక్కడ ఉన్నారు. వారు చేసిన సాహసం ఒకటి చెప్పుకోదగినది. రవీంద్రుని గీతాలు అంతవరకు ఎస్రాజు వంటి ఒకటి రెండు వాద్యాల తోడుతో, శాంతంగా పాడుకొనేవి. వాటిని పంకజ్ మల్లిక్ 1937లో ‘ముక్తి’ చిత్రంలో పాశ్చాత్య వాద్యాలతో కూడిన బృందం నడుమ నిలబెట్టారు. ఏకాంతంలో పుట్టిన గీతాన్ని పదిమంది వాద్యకారుల మధ్యకు తెచ్చినా దాని ఏకాంతం చెడకుండా చూడవచ్చునని దేశం అప్పుడు చూసినది. యువకుడైన రాజేశ్వరరావుగారు ఈ వాతావరణాన్ని దగ్గర నుంచి చూశారు, సైగల్ వద్ద హిందూస్థానీ బాణీ నేర్చుకున్నారు. మద్రాసుకు తిరిగివచ్చి, 1940లో గూడవల్లి రామబ్రహ్మంగారి ‘ఇల్లాలు’ చిత్రానికి సంగీతం కూర్చి, బాలసరస్వతీదేవిగారితో కలిసి నటించారు, పాడారు. ఆ జంట గొంతులే గ్రామఫోను ప్లేట్ల మీద లలిత గీతాలుగా ఇంటింటికీ చేరినవి.

ఆ గీతాల నిర్మాణాన్ని గమనిస్తే ఒక విశేషం కనబడుతుంది. పది అంగుళాల ప్లేటు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. ఒక వైపు మూడు నిమిషాల పైచిలుకు మాత్రమే పడుతుంది. ఆ వ్యవధిలో ఆలాపన లేదు, నెరవు లేదు, స్వరకల్పన లేదు. కచేరీలో గాయకుడు పావుగంట ఆలపించి రాగాన్ని శ్రోత మనస్సులో నిలబెడతాడు. ప్లేటు మీద ఆ పనిని కొద్ది క్షణాలలో చేయవలసినది ఎవరు? ప్రారంభ వాద్యభాగం. అది రాగానికి ద్వారం తెరుస్తుంది, కాలం చెబుతుంది, వెన్నెలో విరహమో ముందుగానే సూచిస్తుంది. నడుమ వచ్చే వాద్యభాగం గాయకుడు విడిచిన భావాన్ని అందుకొని, తరువాతి చరణానికి కావలసిన స్థాయికి చేర్చి అప్పగిస్తుంది. అనగా వాద్యబృందం చేసినది అలంకరణ కాదు. కాలం చాలక గాయకుడు చేయలేక పోయిన పనిని అది చేసినది. అమ్మ ఆ వయొలిను వరుసను మాటలతో పాటు పాడడంలో ఉన్న న్యాయం ఇదే.

అయితే దీనిలో ప్రమాదం లేకపోలేదు. మన సంగీతానికి ప్రాణం గమకం. పాశ్చాత్య వాద్యబృందానికి ప్రాణం స్వరమేళనం, అనగా కొన్ని స్వరాలు ఒకేసారి పలికి ఒక రంగును పుట్టించడం. గమకంలో స్వరం ఒకచోట నిలవదు, ఊగుతుంది. మేళనంలో స్వరం కదలక నిలవాలి. రెండింటినీ ఒకచోట చేర్చినపుడు ఏదో ఒకటి తగ్గి ఉండాలి. తగ్గవలసినది మేళనమే అని గ్రహించిన సంగీతకర్తల పాటలు నిలిచినవి. వారు వయొలిన్లన్నింటినీ ఒకే వరుసలో నడిపించారు, గొంతు పలుకుతున్నపుడు వాద్యాలను వెనుకకు జరిపారు, గొంతు ఆగినపుడు ముందుకు పిలిచారు. ఈ మర్యాద తెలియనివారి చేతిలో మాట వినబడక, కవి వృథాగా శ్రమపడినట్టయినది.

మర్యాద తెలిసినవారికి మేలైన నిదర్శనం ఘంటసాల వెంకటేశ్వరరావుగారి ‘పుష్పవిలాపం’. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి పద్యాలవి. పూజకు పూలు కోయబోయిన వానితో పూలు మొరపెట్టుకొనడం వస్తువు. పద్యాన్ని రంగస్థలం మీది దీర్ఘరాగాల నుంచి తప్పించి, భావానికి తగిన రాగంలో, తగినంత మాత్రమే చదివి, పద్యానికీ పద్యానికీ నడుమ వచనంలో నాలుగు మాటలు పలికి, వెనుక వాద్యాలను సన్నగా నడిపించారు. ప్లేటుకు ఉన్న రెండు వైపులలో అది ఒక చిన్న నాటకమైనది. పద్యం అంటే తెలియని ఇళ్లలో కూడా పూలు కోయడానికి చేయి ఆగిందంటే, అందులో కవికీ గాయకునికీ ఎంత భాగమో, వెనుక పలికిన తీగెకు కూడా అంత భాగం ఉన్నది.

అదే విధంగా శంకరంబాడి సుందరాచారిగారి ‘మా తెలుగు తల్లికి’ గీతం టంగుటూరి సూర్యకుమారిగారి గొంతులో గ్రామఫోను ప్లేటుగా తెలుగు దేశమంతా తిరిగినది. 1975లో ప్రపంచ తెలుగు మహాసభల కాలంలో దానికి రాష్ట్రగీతం గౌరవం దక్కినది. సభలలో బాలబాలికలు ఆ గీతాన్ని పాడేటపుడు, ఎవరూ నేర్పకపోయినా, ప్లేటు మీది గమనమే అనుసరించేవారు. ప్లేటు ఆ విధంగా ఊరూరా తిరిగిన ఉపాధ్యాయుడు.

ఇక్కడ రేడియో పాత్రను ప్రస్తావించకపోతే కథ పూర్తి కాదు. మద్రాసు కేంద్రం 1938లో ఆరంభమైనది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు 1941లో అక్కడ చేరి, సినిమాతో నిమిత్తం లేని పాటకు ఒక స్థానం కల్పించారు. 1940 నుంచి మూడు దశాబ్దాల పాటు ఆకాశవాణి హార్మోనియమును ప్రసారాలకు దూరంగా ఉంచినది. గమకం పలకని వాద్యమన్నది దాని మీది అభియోగం. ఆ నిషేధం మంచిదా చెడ్డదా అన్న వాదం నేటికీ ఉన్నది. కాని దాని ఫలితంగా పాటకు తోడుగా వయొలిను, వీణ, వేణువు, సితారు ముందుకు వచ్చినవన్నది నిజం. 1952లో ఢిల్లీలో ఆకాశవాణి జాతీయ వాద్యబృందం, వాద్యవృంద, ఏర్పడినది. పండిత్ రవిశంకర్ దానిని నడిపించారు. అదే కాలంలో, సమాచార మంత్రి బి. వి. కేస్కర్ విధానం వలన సినిమా పాటలకు ఆకాశవాణిలో చోటు తగ్గినది. ఆ ఖాళీని నింపడానికి కేంద్రాలలో లలిత సంగీత విభాగాలు వెలసినవి. శ్రోతలలో చాలమంది సినిమా పాట కోసం రేడియో సిలోను వైపు ముల్లు తిప్పిన మాట కూడా దాచనక్కరలేదు. 1957లో వివిధ భారతి వచ్చి వారిని వెనుకకు పిలిచినది. అయినా ఆ అయిదారేళ్ల పట్టుదల వలన తెలుగులో వందలాది స్వతంత్ర గీతాలకు స్వరం, వాద్యం సమకూడినవి.

ఈ వాద్యగోష్ఠి విద్యలో మన తెలుగువారి పాలు తక్కువ కాదు. ద్రాక్షారామానికి చెందిన వైణికులు ఈమని శంకరశాస్త్రిగారు మద్రాసు జెమినీ స్టూడియోలో రాజేశ్వరరావుగారికి సహాయకులుగా పనిచేశారు. 1948 నాటి ‘చంద్రలేఖ’లో ఢంకాల నృత్యానికి సాగిన భారీ వాద్యఘోష అక్కడిదే. ఆ అనుభవంతో ఆయన ఆకాశవాణిలో చేరి, తరువాత ఢిల్లీ వాద్యవృందకు సారథ్యం వహించి, ఎవరెస్టు ఆరోహణను స్ఫురింపజేసే ‘ఆదర్శ శిఖరారోహణం’ వంటి రచనలు చేశారు. సినిమా స్టూడియోలో నేర్చిన విద్య రేడియోకు, రేడియోలో పండిన సంయమనం తిరిగి ప్లేటుకు, ఈ విధంగా రాకపోకలు సాగినవి.

మన హైదరాబాదు సంగతి కొంత వేరు. ఇక్కడి దక్కన్ రేడియో 1935 నుంచి నిజాం ప్రభుత్వం చేతిలో ఉన్నది. అందులో ఉర్దూకు ప్రాధాన్యం. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణిలో చేరినది. మేడ్చల్ వంటి ఊళ్లలో అంతకుముందు తెలుగు లలిత గీతం వినాలంటే గ్రామఫోను ప్లేటే ప్రధానమైన ఆధారం. హైదరాబాదు కేంద్రం ఆకాశవాణిలో చేరిన తరువాత ఆ కొరత తీరినది. వైణికులు పాలగుమ్మి విశ్వనాథంగారు, మహాభాష్యం చిత్తరంజన్‌గారు మొదలైనవారు ఇక్కడ లలిత సంగీతాన్ని పెంచారు. విశ్వనాథంగారు తానే రాసి స్వరపరచగా వేదవతీ ప్రభాకర్‌గారు పాడిన ‘అమ్మదొంగా’ అనే గీతం వినని తెలుగు తల్లి ఉండదు. ‘ఈ మాసపు పాట’ అనే శీర్షిక కింద ఒకే పాటను నెల పొడుగునా వినిపించి ఇంటింటా నేర్పేవారు. ఆ పాటలు మాత్రం ఎక్కువగా రేడియో టేపుల మీదనే మిగిలిపోయి, ప్లేటు దాకా రాలేదు.

ప్లేటు కూడా అప్పటికి రూపం మార్చుకొన్నది. పాత ప్లేటు లక్కతో, పలకరాతి పొడి వంటి పదార్థాలతో చేసినది. బరువైనది, పెళుసైనది. 1948లో అమెరికాలో వినైలు అనే ప్లాస్టిక్కుతో లాంగ్ ప్లే రికార్డు వచ్చింది. నిమిషానికి ముప్పైమూడుంబావు చుట్లకు కొంచెం మించి తిరుగుతూ, వెంట్రుక వంటి సన్నని గీతలలో ఒక వైపుననే ఇరవై నిమిషాల పైగా సంగీతం ఇముడ్చుకొనగలదు. మన దేశంలో 78 చుట్ల ప్లేట్లు 1960ల చివరి దాకా వాటితో పాటు సాగినవి. మూడు నిమిషాల సంకెల తెగడంతో సంగీతకర్తకు విశాలమైన మైదానం దొరికినది. ఘంటసాలగారు తుది దినాలలో పాడిన ‘భగవద్గీత’ అటువంటి దీర్ఘకృతి. 1974లో ఆయన పరమపదించిన తరువాత అది వెలువడినది. మూలశ్లోకం, తెలుగు తాత్పర్యం, నడుమ వాద్యాల నడక, అన్నీ తొందర లేకుండా సాగుతాయి. 1986లో ‘రాక్షసుడు’ చిత్రంలో ఇళయరాజాగారు దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి ‘జయ జయ జయ ప్రియభారత’ గీతాన్ని ఎస్. జానకిగారి చేత పాడించారు. తరాలుగా సభలలో పాడుకొన్న స్వతంత్ర గీతం పెద్ద వాద్యబృందం నడుమ కొత్త జన్మ ఎత్తినది. నేటి యువతలో అనేకులకు ఆ గీతం తెలిసినది ఆ రూపంలోనే. ఆనాటికే క్యాసెట్టు ప్లేటును పక్కకు నెట్టివేస్తున్నది.

ఇంతటితో ప్లేటు కథ ముగిసినదనే అనుకొన్నాను. ఇటీవల మా మేనల్లుని ఇంటికి వెళ్లేదాకా ఆ మాటే నమ్మాను. అతడు షామీర్‌పేట చెరువుకు కొంత దూరంలో కొత్తగా వెలసిన ఇళ్లలో ఒకదానిలో ఉంటున్నాడు. అతని గదిలో కొత్త టర్న్ టేబులు, పక్కన నల్లని వినైలు ప్లేట్లు వరుసగా నిలబెట్టి ఉన్నవి. పోయిన వస్తువు మళ్లీ ఎలా వచ్చిందని అడిగాను. 2020లో అమెరికాలో వినైలు ప్లేట్ల అమ్మకపు రాబడి, 1986 తరువాత మొదటిసారి, కాంపాక్టు డిస్కుల రాబడిని మించినదని చెప్పాడు. “మామా, ఇది ఒక్కసారి వినండి” అంటూ ఒక ప్లేటు పెట్టాడు.

అది ఇంగ్లండు గాయకుడు పీటర్ గేబ్రియల్ 2010లో వెలువరించిన సంపుటం. అందులో ఉన్నవి అన్నీ ఇతరుల పాటలు. వాటిలో కొన్ని అక్కడ ఇండీ పాప్ అని పిలిచే స్వతంత్ర గీతాలు, పెద్ద కంపెనీల పెట్టుబడి నీడలో కాక చిన్న సంస్థల ద్వారానో సొంతంగానో వెలుగు చూసిన పాటలు. బాన్ ఇవేర్ అనే పేరుతో పాడే అమెరికా యువకుడు విస్కాన్సిన్ అడవిలోని ఒక కుటీరంలో చలికాలమంతా ఒంటరిగా గడిపి, తన పాటలు తానే రికార్డు చేసి, 2007లో తానే వెలువరించాడు. వాటిలో ఒకటి ఈ సంపుటంలో ఉన్నది. గేబ్రియల్ ఒక నియమం పెట్టుకొన్నాడు: గిటారు ఉండరాదు, డ్రమ్ములు ఉండరాదు. వాద్యబృందం, పియానో మాత్రమే. వాద్యసంయోజన జాన్ మెట్‌కాఫ్ అనే సంగీతజ్ఞుడు చేశాడు.

మేనల్లుడు మొదట ఫోనులో అసలు పాట వినిపించి, తరువాత ప్లేటు మీది పాట వినిపించాడు. మొదటిదానిలో గదిలో ఒంటరివాడు తనలో తాను మాట్లాడుకొంటున్నట్టు ఉన్నది. రెండవదానిలో అదే మాటను వయసు మళ్లినవాడు జ్ఞాపకం చేసుకొంటున్నట్టు ఉన్నది. పాట ఒకటే, వాద్యం మారగానే పాడేవాని వయస్సు మారినది. భాష నాకు పూర్తిగా అందకపోయినా ఈ సంగతి అందినది. అమ్మ అన్న ‘సగం’ మాట అక్కడ, షామీర్‌పేటలో, నాకు మళ్లీ వినబడినది.

ప్లేటు అట్టను తిరగవేసి చూశాను. పాడినవాడు, రాసినవాడు, వాద్యసంయోజన చేసినవాడు, అందరి పేర్లూ అచ్చయి ఉన్నవి. అమ్మ ప్లేటు మీది కాగితపు బిళ్ల జ్ఞాపకం వచ్చింది. అందులో పాట పేరు, గాయకుల పేర్లు, ఒక సంఖ్య ఉన్నవి. ఆ వయొలిను ఎవరు వాయించారు? ఆ వరుస ఎవరికి తట్టినది? దాని మీద లేదు. మన పాటల పుస్తకాలలో సాహిత్యం ఉంటుంది. ఒక్కొక్కప్పుడు గాత్రానికి స్వరం ఉంటుంది. వాద్యాల వరుసలు మాత్రం అరుదు. కావున మాటలు పుస్తకంలో బ్రతుకుతాయి, బాణీ నోటి నుంచి నోటికి బ్రతుకుతుంది. వాద్యగోష్ఠికి ప్లేటు తప్ప వేరే గ్రంథం లేదు. ప్లేటు పోతే అది కూడా పోతుంది.

ఇది ఊహించి చెప్పే మాట కాదు. ఆ మరుసటి వారమే అమ్మ పెట్టె తెరిచి, ఆ ప్లేటును దుప్పటిలో చుట్టి, ఒడిలో పెట్టుకొని మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు తీసుకొని వెళ్లాను. మేనల్లుడు 78 చుట్ల వేగమూ, పాత గీతకు సరిపడే లావుపాటి సూదీ సమకూర్చి ఉంచాడు. సన్నని వినైలు సూది ఆ గీతలో అడుగంటి గరగరలాడుతుంది, పాత ఉక్కు సూది వినైలును చెక్కివేస్తుంది. దేని సూది దానిదే. అన్నీ సిద్ధమైన తరువాత, దుప్పటి మడత విప్పేటపుడు ప్లేటు నా చేతి నుంచి జారి బల్ల అంచుకు తగిలినది. మూడు ముక్కలైనది. తప్పు నాది తప్ప మరెవరిదీ కాదు. ఇద్దరమూ చాలసేపు మాట్లాడలేదు.

ఆ పిమ్మట మేనల్లుడు వెదికి వెదికి, ఆ పాటను తరువాతి కాలంలో ఇతరులు పాడిన రూపాలు కొన్ని సంపాదించాడు. పాట ఉన్నది. అమ్మ పాడిన వయొలిను వరుస మాత్రం వాటిలో లేదు. ప్రస్తుతానికి అది నా జ్ఞాపకంలో మాత్రమే ఉన్నది, అది కూడా అమ్మ గొంతులో. అతడు నా చేత ‘తాన నాన’ అని పాడించి ఫోనులో పదిలపరిచాడు. నా శ్రుతి అంత గొప్పది కాదు.

ఆశ లేకపోలేదు. ఈ పాట ప్లేటు మరొకటి ఏ ఇంటి అటక మీదనో ఉండవచ్చు. విరిగిన ముక్కలు కూడా వ్యర్థం కాదని తరువాత తెలిసినది. అమెరికాలోని లారెన్స్ బర్కిలీ పరిశోధనాలయంలో కార్ల్ హేబర్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, అతని సహచరులు ఈ శతాబ్దం తొలి సంవత్సరాలలో ఒక పద్ధతి కనిపెట్టారు. సూదితో పని లేకుండా ప్లేటు గీతలను అతి సూక్ష్మంగా ఫొటో తీసి, ఆ గీతల వంపును లెక్కకట్టి, కంప్యూటరు చేత ధ్వనిగా పలికిస్తారు. పగిలిన ప్లేట్ల నుంచి కూడా ధ్వనిని రాబట్టగలిగారు. ఆ దేశపు జాతీయ గ్రంథాలయం ఈ పద్ధతిని వాడుకొంటున్నది.

అందుచేత రేడియో ఉన్న ప్రతి గృహస్థుకూ ఒక మనవి. మీ ఇంట అటక మీదనో, పెట్టె అడుగుననో పాత ప్లేట్లు ఉంటే పాత సామానుల వానికి తూకానికి వేయకండి. ఒకదాని మీద ఒకటి పరచి పెడితే అడుగువి వంగి పగులుతాయి. పుస్తకాల వలె నిలబెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. గీతల మీద వేలు పెట్టక అంచు పట్టుకొని తీయండి. కాగితపు బిళ్ల మీది సంఖ్యను, పేర్లను ఒక పుస్తకంలో రాసి పెట్టండి. విరిగినా ముక్కలు పారవేయకండి. ఇంట్లో పెద్దవారు ఎవరైనా పాత పాట పాడుతూ నడుమ వాద్యం వరుస కూడా పాడితే, అది పిచ్చి అలవాటు అని నవ్వకండి. కూర్చుండబెట్టి మరొకసారి పాడించండి. ఎవరు వాయించారో తెలిస్తే ఆ పేరు అడిగి రాసుకోండి.

మా అమ్మ ప్లేటు మూడు ముక్కలు ఇప్పుడు మెత్తని గుడ్డలో విడివిడిగా చుట్టి, అదే పెట్టెలో ఉంచాము. బిళ్ల మీది సంఖ్యను మేనల్లుడు రాసుకొన్నాడు. ఆ సంఖ్య గల మరొక ప్లేటు ఎక్కడైనా దొరికిననాడు, అమ్మ అన్న ఆ మిగిలిన సగం మేడ్చల్‌లో మళ్లీ వినబడుతుంది.